తడబాటు ఖరీదు: చేవెళ్ల, మొయినాబాద్ దారిలో పీజీ చదువుల సింహావలోకనం

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు అప్పా జంక్షన్ దాటగానే పాత మర్రిచెట్ల నీడలోకి వస్తుంది. అక్కడినుంచి చేవెళ్ల దాకా కాలేజీల బోర్డులే. అజీజ్‌నగర్, మొయినాబాద్, యెంకేపల్లి చుట్టుపక్కల ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ, మెడికల్ కాలేజీలు పొలాల మధ్య నిలబడి ఉన్నాయి. ఇదే దారిలో పక్కకు మళ్లితే ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడి. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, అది తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు చేయడం ఇక్కడి ఆనవాయితీ. అమెరికా ఎంఎస్‌కు వెళ్లే పిల్లల మొక్కులవల్ల ఈ దేవుడికి వీసా బాలాజీ అనే పేరు స్థిరపడింది.

సీటు కోసం, వీసా కోసం మనవాళ్లు పడే తపన గురించి చాలా రాశారు. సీటు వచ్చాక చదువులో తడబడిన విద్యార్థి ఏమవుతాడన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మార్కులు తగ్గితే, హాజరు తగ్గితే, థీసిస్ ఆలస్యమైతే యూనివర్సిటీ ఏం చేస్తుంది? ఆ నియమాలు ఎక్కడ మొదలై ఇప్పుడెక్కడికి చేరాయి? నూట అరవై ఏళ్లకు పైబడిన ఈ కథను వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. విద్యార్థి తడబాటు అప్పుడూ ఇప్పుడూ ఒకలాంటిదే. దానికి చెల్లించాల్సిన ఖరీదు మాత్రం తరం తరానికీ పెరిగింది.

మార్చి పోతే సెప్టెంబరు

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దక్షిణాదిలో పై చదువంటే ఏడాది చివర రాసే పెద్ద పరీక్షే. 1887లో హైదరాబాద్‌లో నెలకొన్న నిజాం కాలేజీ కూడా స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉంది. అంటే హైదరాబాద్ కుర్రవాడి భవిష్యత్తు మద్రాసులో దిద్దే జవాబు పత్రం మీద ఆధారపడేది. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. అక్కడ బోధన ఉర్దూలో సాగింది. ఉర్దూ తెలిసినవాళ్లకు అది గొప్ప వరం. తెలుగు ఇంట్లో పెరిగి, ఊరి బడిలో చదివిన చేవెళ్ల తాలూకా పిల్లవాడికి మాత్రం అసలు పాఠం కన్నా ముందు భాష అడ్డొచ్చేది. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిష్ వచ్చింది. భాష మారింది కానీ పల్లె విద్యార్థి ముందున్న గోడ కదల్లేదు.

ఆ కాలపు నియమం సూటిగా ఉండేది: పాసు, లేదా ఫెయిలు. మార్చిలో తప్పినవాడు సెప్టెంబరులో మళ్లీ రాసేవాడు. అప్పుడూ పోతే ఇంటికొచ్చి పొలం పని చూసుకునేవాడు, లేదా చిన్న ఉద్యోగం వెతుక్కునేవాడు. ఏడాది పోయేది, పరువు పోయేది. అయితే చదువు కోసం తెచ్చిన అప్పు చిన్నది, కొన్నిచోట్ల అసలు లేదు. ఉండే ఊరు, ఉండే దేశం అతని చేతిలోంచి జారిపోయేవి కావు. పడినా నేలమీదే పడేవాడు.

పీజీకి వెళ్లేవాళ్లు ఆ రోజుల్లో బహు కొద్దిమంది. ఎంఏ, ఎమ్మెస్సీ తరగతి గదిలో విద్యార్థుల పేర్లు ఆచార్యుడికి తెలిసేవి. ఎవరు వెనకబడుతున్నారో కనబడేది. ఆ కనబడడమే ఏ రెగ్యులేషన్‌లోనూ రాయని రక్షణ. కాలేజీలు పెరిగి, తరగతులు పెద్దవయ్యే కొద్దీ మనం మొదట పోగొట్టుకున్నది దాన్నే.

జలాశయాల ఒడ్డున కాలేజీలు

చేవెళ్ల, మొయినాబాద్‌లు కాలేజీల నేలగా మారిన తీరు రాష్ట్ర చరిత్రతో ముడిపడి ఉంది. 1978లో హైదరాబాద్ చుట్టూ ఉన్న పల్లెలతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానికి మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల మీద ఆంక్షలు విధించింది. పరిశ్రమలు, పెద్ద కాలనీలు రాకూడదన్నది దాని ఉద్దేశం. మొయినాబాద్, చేవెళ్ల మండలాల గ్రామాలు అందులో ఉన్నాయి.

సరిగ్గా ఆ కాలంలోనే ప్రైవేటు వృత్తివిద్యకు తలుపులు తెరుచుకున్నాయి. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లుగా విభజించింది. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ తీర్పు ఆ పద్ధతిని పక్కనబెట్టి యాజమాన్యాలకు మరింత స్వేచ్ఛ ఇచ్చింది. ఆ మధ్య కాలంలో, 1998లో, మొయినాబాద్‌లో జేబీ ఇన్‌స్టిట్యూట్, అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి ఇన్‌స్టిట్యూట్ మొదలయ్యాయి. వాటి వెంట మరెన్నో వచ్చాయి.

2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్ల నుంచే. ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ప్రభుత్వం 2008లో తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ రోడ్డు మీది కాలేజీలను నింపింది. ఇంట్లో తొలిసారి పదో తరగతి దాటిన పిల్లలు ఇంజినీరింగ్‌లోకి వచ్చారు. 2010లో ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఎంటెక్ తప్పనిసరి కావడంతో పీజీ వైపు కూడా జనం మళ్లారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం లక్షల కుటుంబాలకు చేసిన మేలు కాదనలేనిది. ఆ మేలులోనే ఒక కొత్త భారం కూడా వచ్చింది. హాజరు ఉండి, పై తరగతికి ప్రమోట్ అయితేనే రీయింబర్స్‌మెంట్ రెన్యువల్ అవుతుంది. అంటే చదువులో వెనకబడ్డ పేద విద్యార్థి ఏడాదితోపాటు ఫీజు కూడా పోగొట్టుకుంటాడు. డబ్బున్న ఇంటి పిల్లవాడికి అదే తప్పు ఏడాది ఆలస్యం మాత్రమే. ఒకే నియమం ఇద్దరి మీద రెండు రకాల బరువుతో పడడం ఇక్కడే మొదలైంది.

హాజరు, క్రెడిట్లు, డిటెన్షన్

జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ 1972 అక్టోబరు 2న ఏర్పడింది. 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ విద్యార్థులు తమ చదువును రెగ్యులేషన్ పేరుతో చెప్పుకుంటారు: ఆర్09, ఆర్13, ఆర్18, ఆర్22. ఆ అంకె ఏ ఏటి నుంచి చేరినవాళ్లకు ఆ నియమాలు వర్తిస్తాయో చెబుతుంది.

ఎంటెక్ విద్యార్థికి ఇందులో మూడు గండాలుంటాయి. మొదటిది హాజరు. మొత్తంమీద 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే మినహాయింపు, పొందవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ డిటైన్, అంటే దాన్ని మళ్లీ మొదటినుంచి చదవాలి. రెండోది మార్కులు. ప్రతి సబ్జెక్టులో చివరి పరీక్షలో కనీసం 40 శాతం, ఇంటర్నల్స్ కలుపుకుని 50 శాతం రావాలి. బీటెక్‌లో 40తో గట్టెక్కిన అలవాటుకు ఇక్కడ మెట్టు ఎత్తు పెరుగుతుంది. మూడోది గడువు. రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలో ముగించాలి, లేదంటే సీటు పోతుంది.

డిటైన్ అయిన విద్యార్థికి ఇంకో చిక్కుంది. అతను తిరిగి చేరేనాటికి కొత్త రెగ్యులేషన్ వచ్చి ఉంటే సిలబస్ మారిపోతుంది, సమానమైన సబ్జెక్టులు వెతికి రాయాలి. జూనియర్ల మధ్య కూర్చోవాలి. పగలంతా చిన్న ఉద్యోగం చేసుకుంటూ పీజీ చదువుతున్నవాళ్లే బయోమెట్రిక్ హాజరు వచ్చాక ఎక్కువగా చిక్కుకున్నారు.

ఈ నియమాలు అన్యాయమైనవని నేననను. క్లాసుకు రాని ఎంటెక్ విద్యార్థి రేపు అధ్యాపకుడైతే వాడి దగ్గర చదివే పిల్లల గతేమిటి? ప్రమాణం ఉండాల్సిందే. నా అభ్యంతరం మరోచోట ఉంది. కండొనేషన్ అనగానే అందరూ వెతికేది మెడికల్ సర్టిఫికెట్ కోసమే. జ్వరమొస్తే నియమానికి అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో పాఠం అందక నెలరోజులు వెనకబడ్డానంటే దానికి కాగితం లేదు, గడి లేదు. మన నియమాలు జబ్బును గుర్తించాయి. చదువులో ఇబ్బందిని గుర్తించలేదు.

ఫీజు బాకీ చూపి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే అలవాటు దీనికి తోడైంది. చదువు ఆపి వెళ్లిపోదామన్నా, వేరే చోట చేరుదామన్నా విద్యార్థికి దారి మూసుకుపోయేది. 2018 అక్టోబరులో యూజీసీ ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఈ రోడ్డు మీద ఇప్పటికీ తక్కువే.

పరిశోధకుడి గడియారం

పీహెచ్‌డీది వేరే లోకం. ఒకప్పుడు థీసిస్ ఎన్నేళ్లు సాగినా అడిగే నాథుడు ఉండేవాడు కాదు. 2009లో యూజీసీ కనీస ప్రమాణాల నిబంధనలు కోర్సువర్కును తప్పనిసరి చేశాయి. 2016 నిబంధనలు మూడేళ్ల కనిష్ఠం, ఆరేళ్ల గరిష్ఠం అని గీత గీశాయి. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవాళ్లకు రెండేళ్ల సడలింపు, 240 రోజుల ప్రసూతి సెలవు అందులో చేరాయి. 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్లు ఇచ్చాయి. కోర్సువర్కులో కనీసం 55 శాతం రావాలన్నాయి. సలహా కమిటీ ప్రతి సెమిస్టర్ పురోగతి చూడాలి. తృప్తికరంగా లేకపోతే కారణాలు రాసి, దిద్దుబాటు మార్గం చెప్పాలి. అదీ పాటించకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయాలి. కారణం, మార్గం, ఆ తర్వాతే శిక్ష అనే ఈ వరస మన నియమాల చరిత్రలో పెద్ద ముందడుగు.

ఆ వరసకు మనం చాలా ఖరీదు చెల్లించాం. చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గం పరిధిలోనే ఉన్న గచ్చిబౌలి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008 ఫిబ్రవరిలో ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. తమిళనాడులోని అతి పేద దళిత కుటుంబం నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన మనిషి. కోర్సువర్కులో తప్పితే ఫెలోషిప్ ఆగిపోతుందన్న నియమం ఆ తర్వాత జరిగిన విచారణలో చర్చకు వచ్చింది. ఆ ఫెలోషిప్పే ఇంటికి ఆధారమైనప్పుడు ఒక పేపర్ పోవడం పరీక్ష ఫలితంగా మిగలదు, ఇంట్లో పొయ్యి ఆరిపోవడమవుతుంది. ఇలాంటి మరణాల విషయాన్ని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చేపట్టాక, వెనకబడిన విద్యార్థికి సాయం చేయడం విశ్వవిద్యాలయం దయ కాదు, బాధ్యత అన్న మాటకు బలం వచ్చింది.

చిలుకూరు నుంచి అమెరికాకు

2008 అక్టోబరులో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుంది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం సైన్స్, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఓపీటీ అనే చదువు తర్వాతి పని అనుమతిని 17 నెలలు పొడిగించింది. 2016లో ఆ పొడిగింపు 24 నెలలై, మొత్తం మూడేళ్లకు చేరింది. చిలుకూరు ప్రదక్షిణలు చేసే యువకుల సంఖ్య పెరగడానికి ఈ నిర్ణయాలు కూడా కారణం. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. సగానికి పైగా పీజీలోనే.

అక్కడి నియమం మన పిల్లలను తికమకపెట్టే తీరు వివరంగా చెప్పుకోవాలి. ఇక్కడ ఒక సబ్జెక్టు పోతే బ్యాక్‌లాగ్. సప్లిమెంటరీ రాసి పాసైతే ఆ గండం గడిచినట్టే. అమెరికా పీజీలో చూసేది సగటు. నాలుగు పాయింట్ల స్కేలు మీద జీపీఏ 3.0 తగ్గకూడదన్నది ఎక్కువ యూనివర్సిటీల నియమం. మూడేసి క్రెడిట్ల మూడు కోర్సులు తీసుకున్న విద్యార్థికి రెండింట్లో బి, ఒకదాంట్లో సి వచ్చాయనుకుందాం. బికి 3, సికి 2 చొప్పున సగటు 2.67. అతను ఏ కోర్సులోనూ ఫెయిల్ కాలేదు. అయినా ప్రొబేషన్‌లో పడ్డాడు. తర్వాతి సెమిస్టర్‌లో మూడు కోర్సుల్లో ఒకదాంట్లోనైనా ఎ, మిగతా రెంటిలో బి తెస్తేనే సగటు సరిగ్గా 3.0కు చేరుతుంది. అరవై శాతం దాటితే ఫస్ట్ క్లాస్ అన్న లెక్కలో పెరిగిన పిల్లవాడికి ఇది ఈమెయిల్‌లో ప్రొబేషన్ నోటీసు వచ్చినరోజే తెలుస్తుంది.

ప్రొబేషన్ దానంతటది దేశం వదలమని చెప్పదు. అది హెచ్చరిక, ఒకటి రెండు సెమిస్టర్ల గడువు. దాటలేకపోతే డిస్మిసల్. అక్కడితో విషయం యూనివర్సిటీ చేయి దాటుతుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 2003లో పూర్తిగా అమల్లోకి వచ్చిన సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్న ప్రతి ఒక్కరి రికార్డు ఉంటుంది. విద్యార్థి ఫుల్ కోర్సు నిలుపుకోలేకపోయినా, డిస్మిస్ అయినా యూనివర్సిటీలోని డీఎస్ఓ అనే అధికారి దాన్ని 21 రోజుల్లో నమోదు చేయాలి. రికార్డు టెర్మినేట్ అయితే స్టేటస్, అంటే విద్యార్థిగా ఆ దేశంలో ఉండే హక్కు, పోతుంది. కోర్సు ముగించినవాళ్లకు దొరికే 60 రోజుల గడువు ఇతనికి ఉండదు.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. సి వస్తుందన్న భయంతో, జీపీఏ కాపాడుకోవాలని, కోర్సును మధ్యలో డ్రాప్ చేస్తారు. డీఎస్ఓ ముందస్తు అనుమతి లేకుండా, ఫుల్ కోర్సు కన్నా తగ్గేలా అలా చేస్తే గ్రేడు నిలుస్తుంది, స్టేటస్ పోతుంది. విశేషమేమంటే ఆ అనుమతి ఇవ్వడానికి అమెరికా నిబంధనల్లోనే దారి ఉంది. ఇంగ్లిష్‌తో తొలినాళ్ల ఇబ్బంది, అమెరికా బోధనా పద్ధతి తెలియకపోవడం, స్థాయికి తగని కోర్సులో పడడం, ఈ కారణాలతో ఒక సెమిస్టర్ కోర్సు భారం సగం దాకా తగ్గించుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే ఈ వీలు. జబ్బు చేస్తే మొత్తం 12 నెలల వరకు వేరే సదుపాయం. ఇంత కఠినమైన వలస చట్టం కూడా భాష రాకపోవడాన్ని, పద్ధతి తెలియకపోవడాన్ని నేరంగా కాక కారణంగా అంగీకరించింది. ఉర్దూ ఉస్మానియా కాలం నుంచి చేవెళ్ల విద్యార్థి ఎదుర్కొన్న గోడ అదే. దాన్ని మన రెగ్యులేషన్లు ఇంకా పేరు పెట్టి గుర్తించలేదు.

కాగితం మీది చదువులు

స్టేటస్ కాపాడుకోవడమే చదువైపోయినప్పుడు ఏమవుతుందో రెండు ఘటనలు చూపించాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. తరగతులు పెద్దగా లేకుండానే విద్యార్థి వీసా పత్రాలిచ్చిన ఆ సంస్థలో చేరినవాళ్లలో అత్యధికులు భారతీయులు, అందులోనూ ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. 2019 జనవరి చివర మిషిగన్‌లో మరో సంగతి బయటపడింది. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అధికారులే నిఘా కోసం సృష్టించిన సంస్థ. తొలి విడతలో పట్టుబడ్డ 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్లలో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు.

తప్పని తెలిసే చేరినవాళ్లు ఉన్నారు. కన్సల్టెన్సీల మాట, దోస్తుల మాట నమ్మి చేరినవాళ్లూ ఉన్నారు. స్టేటస్ నిలుపుకునే దారి వెతుక్కుంటూ, సరైన సలహాదారు దగ్గరికి వెళ్లాల్సిన వేళ చౌకదారి చూపే మనిషి దగ్గరికి వెళ్లారు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు హఠాత్తుగా టెర్మినేట్ అయి, కోర్టుల జోక్యంతో ఏప్రిల్ చివర తిరిగి పునరుద్ధరణ మొదలైంది. చదువులో లోపం లేనివాళ్ల రికార్డే అంత పెళుసుగా ఉన్నప్పుడు, లోపం ఉన్నవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

ఇక ఈ అంచె దగ్గర తడబాటు ఖరీదు లెక్కించండి. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి. చేవెళ్లలో ఆ తాకట్టు చాలాసార్లు ఇల్లు, లేదా పొలం. తాతకు ఒక ఏడాది ఖర్చయిన ఫెయిలు మనవడికి ఏడాది, అప్పు, దేశంలో ఉండే హక్కు, తండ్రి భూమి కలిపి ఖర్చవుతోంది. అందుకే నోటీసు అందిన పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పలేకపోతున్నాడు.

ఇప్పుడు చేయాల్సింది

2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కులనుబట్టి పిల్లలను వేరుచేయడం, నలుగురిలో అవమానించడం కూడదంది. మొయినాబాద్, చేవెళ్ల కాలేజీలకు ఇది వర్తిస్తుంది. అమలు చేయడానికి ఇంకో ఉత్తర్వు కోసం చూడనవసరం లేదు.

కాలేజీలకు నా విన్నపం ఇది. చేరిన వారంలోనే హాజరు, మార్కులు, గడువుల నియమాలను తెలుగులో, ఒక పేజీలో, తల్లిదండ్రుల సమక్షంలో చదివి వినిపించండి. తొలి మిడ్ పరీక్ష పోయినప్పుడే కబురు పెట్టండి, డిటెన్షన్ జాబితాలో పేరు వేశాక కాదు. అమెరికాకు పంపే కన్సల్టెన్సీలు సీటు గురించి చెప్పేటప్పుడే 3.0 గురించి, డీఎస్ఓ అనుమతి గురించి చెప్పాలి. తల్లిదండ్రులారా, ప్రొబేషన్ అన్న మాట వింటే కోపగించుకోకండి. ఆ మాట మీకు చెప్పగలిగిన పిల్లవాడికి ఇంకా దారి ఉంది. విద్యార్థులారా, నోటీసు వచ్చిన రోజే సలహాదారును కలవండి, అప్పీలు గడువు దాటనివ్వకండి. మనసు మరీ బరువెక్కితే దేశంలో ఎక్కడినుంచైనా 14416కు ఫోన్ చేయండి. టెలి-మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

నియమం ముందే తెలియాలి, దిద్దుకునే గడువు ఉండాలి, అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఈ మూడూ దొరికితే తడబడినవాళ్లలో చాలామంది నిలబడతారు. ఈ మూడూ ఇవ్వకుండా వేసే శిక్ష ప్రమాణాలను కాపాడదు, పేదవాణ్ని మాత్రమే బయటికి పంపుతుంది.